చదివిపెట్టే మనిషి ఊరెళ్లాక

డెలానీపూర్‌లో పొద్దు తొందరగా వాలుతుంది. దేశమంతటికీ ఒకటే గడియారం గనక, తూర్పున అంత దూరంగా ఉన్న అండమాన్‌లో చలికాలం సాయంత్రం ఐదింటికల్లా దీపాలు పెట్టుకోవాలి. ఆ ఇంటి వరండాలో మాత్రం లైటు వేయాలన్న తొందర ఎవరికీ లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న 71 ఏళ్ల మాస్టారు చీకట్లోనే వార్తలు చదువుకుంటున్నారు. చేతిలో పేపరు లేదు, ఫోన్ ఉంది. అందులోంచి ఒక ఆడగొంతు ఊపిరి తిప్పుకోకుండా పరుగులు తీస్తోంది. పక్కింటి బెంగాలీ పిల్లాడు గోడ మీంచి తొంగిచూసి, "దాదూ, యే కౌన్‌సీ భాషా హై?" అని అడిగాడు. "తెలుగూ హై రే" అన్నారు మాస్టారు. పిల్లాడు నమ్మలేదు. వాణ్ని తప్పుపట్టడానికి లేదు. పై వాటాలో అద్దెకుంటున్న శ్రీకాకుళం కుర్రాడికి కూడా అందులో ఒక్క ముక్క అందదు. మామూలు మాటకు రెండింతల వేగంతో వినడం మాస్టారికి అలవాటైపోయింది. కళ్లున్న రోజుల్లో ఆయన చదివే వేగం కూడా అంతే.

1978లో విశాఖపట్నంలో ఓడెక్కి, మూడు రోజులు వాంతులు చేసుకుంటూ పోర్ట్‌బ్లెయిర్ రేవులో దిగినప్పుడు ఆయన వెంట రెండు ట్రంకు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో బట్టలు, ఇంకోదాంట్లో పుస్తకాలు. తెలుగు మీడియం పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం. నాలుగేళ్లుండి వెనక్కి వచ్చేద్దామనుకున్న మనిషి ఇక్కడే రిటైరయ్యారు. ఆ ఊరు పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీవిజయపురంగా మారింది గానీ, డెలానీపూర్ డెలానీపూర్‌గానే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లోని 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సంఖ్యకు లోటు లేదు. లోటల్లా పుస్తకాలకే. ఎవరు ఊరెళ్లినా మాస్టారు చేతిలో ఒక చీటీ పెట్టేవారు, వాళ్లు తిరిగొచ్చేటప్పుడు నాలుగు పుస్తకాలు తెచ్చేవారు. ఈ వానలకూ, ఈ చెమ్మకూ కాగితం బూజు పట్టకుండా ఇనుప బీరువాలో చిన్న బల్బు వెలిగించి పెట్టేవారు. ఇంట్లో పిల్లలు చీకట్లో పడుకున్నా పుస్తకాలకు మాత్రం రాత్రంతా దీపం ఉండేదని భార్య ఎగతాళి చేసేది.

చూపు పోవడం ఆయనకు తెలియనే లేదు. నీటికాసుల జబ్బు స్వభావమే అంత. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం మెల్లగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్న అక్షరం చాలాకాలం స్పష్టంగానే కనిపిస్తుంది. అందుకే పక్కనున్న టీ గ్లాసు తగిలి ఒలికిపోతే చేతి తడబాటనుకున్నారు, గడప తన్నుకుంటే పరధ్యానమనుకున్నారు. పుస్తకం చదవగలుగుతున్నాను కదా, కళ్లకేం అనుకున్నారు. డాక్టరు పరీక్ష చేసేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. మందులతో ఉన్న చూపు కొన్నాళ్లు నిలబెట్టవచ్చు గానీ పోయింది తిరిగి రాదని చెప్పారు. 2021 నాటికి పేజీ ఒక తెల్లటి మరకగా మిగిలింది.

అప్పటి నుంచి ఆయనకు చదివిపెట్టే పని మనవరాలిది. రోజూ రాత్రి భోజనాలకు ముందు ముప్పావు గంట. ఇంగ్లిష్ మీడియం పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగు అక్షరాలు వచ్చు గానీ వాక్యం కూడబలుక్కోవాలి. మొదట్లో ఒక్క పేజీకి పది నిమిషాలు పట్టేది. ఒత్తులు మింగేసేది, సామెత వస్తే ఆగి అర్థం అడిగేది. మాస్టారు విసుక్కునేవారు కాదు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల గడగడా చదివేస్తోంది. తాతకు చదివిపెడుతున్నానని ఆమె అనుకుంది. మనవరాలికి తెలుగు నేర్పుతున్నానని ఆయన అనుకున్నారు. ఇద్దరి మాటా నిజమే.

అయితే, ఒకరి గొంతుతో చదువుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. దాన్ని కళ్లున్నవాళ్లు ఊహించలేరు. ఏం చదవాలో ఎంచుకునే ముందు ఎవరు చదువుతున్నారో చూసుకోవాలి. పదహారేళ్ల పిల్ల చేత ఏ కథ చదివించాలి, ఏది చదివించకూడదు? బ్యాంకు కాగితం కొడుకు చేత చదివిస్తే ఎవరికో అప్పిచ్చిన సంగతి బయటపడుతుంది. నచ్చిన పేరా మళ్లీ చదవమంటే రెండుసార్లు చదువుతారు, మూడోసారి అడగడానికి నోరు రాదు. పొద్దున్నే మూడింటికి మెలకువ వస్తే ఎవర్ని లేపాలి?

అన్నిటికంటే ఆయన్ను బాధపెట్టింది మాత్రం ఒక ఆసుపత్రి రిపోర్టు. రక్తపరీక్షల కాగితం. మనవరాలు ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. క్షణం సేపే. తర్వాత కింది లైనుకు వెళ్లిపోయింది. ముప్పయ్యేళ్లు పిల్లలచేత పాఠాలు చదివించిన మనిషికి ఎవరు ఎక్కడ దాటేశారో తెలియకపోవడం ఉండదు. ఆయన అడగలేదు. మూత్రపిండాల సంగతి నెల తర్వాత డాక్టరు నోట విన్నారు. పిల్ల తప్పేమీ లేదు. తాత భయపడతాడని దాచింది. కానీ తన ఒంటి సంగతి తనకంటే ముందు ఇంట్లో అందరికీ తెలిసిందన్న విషయం ఆయన మనసులో ములుకులా ఉండిపోయింది.

2024 జూలైలో మనవరాలు డిగ్రీ చదువుకు విశాఖపట్నం వెళ్లింది. కొడుకూ కోడలూ ఉద్యోగస్తులు. అడిగితే కాదనరు గానీ, అలసిపోయి వచ్చినవాళ్ల చేత పుస్తకం పట్టించడం ఆయనకు ఇష్టం లేదు. వెళ్లే ముందు ఆ అమ్మాయి రెండు ఆదివారాలు కూర్చుని తాత ఫోన్‌లో అప్పటికే ఉన్న ఒక మీటను ఆన్ చేసింది. అంతే. కొన్నది లేదు, తెప్పించింది లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ 2009 నుంచీ ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఫోన్ నడక మొత్తం మారిపోతుంది. ఒక వేలితో తాకితే అక్కడ ఏముందో చెబుతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. వేలిని కుడికి జరిపితే తర్వాతి అంశానికి వెళుతుంది. మొదటి వారం మాస్టారు ముగ్గురికి పొరపాటున ఫోన్ చేశారు, వారిలో ఒకరు పదేళ్లుగా మాటల్లేని తోడల్లుడు. మాటలు కలిశాయి. అదొక లాభం.

అచ్చుపుస్తకాన్ని యంత్రం చేత చదివించాలన్న ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ పేజీని స్కాన్ చేసి పైకి చదివే యంత్రాన్ని బయటపెట్టారు. దాన్ని మొదట కొన్నవారిలో చూపులేని గాయకుడు స్టీవీ వండర్ ఒకరు. మామూలు మనిషి కొనగలిగే ధర కాదది. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడర్‌తో ఆ సంగతి మారింది. అది ఉచితం. తెలుగు కూడా పలుకుతుంది. పలుకు యంత్రంలాగే ఉంటుంది గానీ పలుకుతుంది. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో తెచ్చిన 'మణి' యాప్ ఫోన్ కెమెరాతో చూసి నోటు విలువ చెబుతుంది. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

ఆ ఇంటర్నెట్ సంగతీ చెప్పుకోవాలి. చాలాకాలం అండమాన్‌కు ఉపగ్రహాలే దిక్కు. ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చని జనం నవ్వుకునేవారు. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక ఆ పరిస్థితి మారింది. ఒకప్పుడు ఓడలో వారం ఆలస్యంగా వచ్చే వార్తను మాస్టారు ఇప్పుడు హైదరాబాద్‌తో పాటే వింటున్నారు. ఉదయం మూడింటికి కూడా.

బ్రెయిలీ ఎందుకు నేర్చుకోలేదని ఎవరైనా అడగవచ్చు. ఆయన ప్రయత్నించారు. చిన్నప్పుడే నేర్చుకున్న పిల్లలకు దాన్ని మించింది లేదు. చెవితో వింటే కథ తెలుస్తుంది గానీ వర్ణక్రమం తెలియదు. వేలితో చదివితేనే పొల్లూ వత్తూ పట్టుబడతాయి. 1951లో రూపుదిద్దుకున్న భారతి బ్రెయిలీలో మరో వింత ఉంది. తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, బెంగాలీ 'క'కూ ఒకటే చుక్కలు. లిపులన్నీ విడివిడిగా ఉన్న దేశంలో చూపులేని పిల్లలకు ఒకే లిపి దొరికింది. డెలానీపూర్ లాంటి చోట, ఒకే గోడకు అటూ ఇటూ రెండు భాషలున్న చోట, మాస్టారికి అది ఎంతో నచ్చింది. కానీ 67 ఏళ్ల వయసులో, మధుమేహంతో మొద్దుబారిన వేలికొసలకు ఆ ఆరు చుక్కలు అందలేదు. నడివయసు దాటాక చూపు పోగొట్టుకున్న చాలామంది కథ ఇదే. వారికి చెవే దారి.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. అసలు చిక్కు పుస్తకం దగ్గర వచ్చింది.

బీరువాలో ఉన్న ఒక కథల సంపుటిని మాస్టారు మళ్లీ చదవాలనుకున్నారు. విజయవాడ ప్రచురణకర్తకు ఫోన్ చేశారు. ఆయన మంచి మనిషి. విషయం విని నొచ్చుకుని, డబ్బు వద్దని, పుస్తకం పీడీఎఫ్ ఫైలు ఆ సాయంత్రమే పంపించారు. మాస్టారు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఫైలు తెరిచారు. ఫోన్ చదవడం మొదలుపెట్టింది. "ఎ, డాలర్, కామా, యు, యు, సెమీకోలన్, ఎస్..." పేజీ తిప్పారు. అదే వరస. కొడుకును పిలిచి చూపించారు. "బాగానే ఉంది నాన్నా, చక్కటి తెలుగు అక్షరాలే" అన్నాడు కొడుకు. చూసేవాడికి తెలుగు, వినేవాడికి పిచ్చికేకలు.

దీనికి కారణం లేకపోలేదు. కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, ఒక సంఖ్యగా దాచుకుంటుంది. ఏ సంఖ్య ఏ అక్షరమో ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి యూనికోడ్. 1991లో అది వెలువడినప్పుడే తెలుగుకు అందులో చోటు దక్కింది. కానీ మన పత్రికలు, ప్రచురణ సంస్థలు అప్పటికే డీటీపీలోకి అడుగుపెట్టాయి. వారు వాడే పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ తెలియదు. తెలుగు గుణింతాలూ వత్తులూ పేర్చడం అసలే రాదు. దాంతో మనవాళ్లు ఒక అడ్డదారి కనిపెట్టారు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. తెర మీద, కాగితం మీద ముత్యాల్లాంటి తెలుగు. లోపల మాత్రం ఇంగ్లిష్ గుర్తుల గుట్ట. సీసా మీద నూనె అని రాసి లోపల కిరోసిన్ పోసినట్టు. కంటికి సీసా పైన రాసిందే కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్ మూత తీసి లోపలున్నది తాగుతుంది.

ఆ రోజుల్లో మరో దారి లేదు గనక ఆ పని చేసినవారిని నిందించలేం. తెలుగు అచ్చు నిలబడింది వారివల్లే. కానీ యూనికోడ్ తెలుగును చూపించగల కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ చాలా పుస్తకాలు పాత ఫాంట్లలోనే కంపోజ్ అవుతున్నాయి. అలవాటు, ఫాంట్ల అందం, చేతిలో ఉన్న పాత ఫైళ్లు కారణాలు. నష్టం చూపులేనివారికి మాత్రమే కాదు. ఆ ఫైళ్లలోని వాక్యం ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదు, కాపీ చేస్తే చెదిరిపోతుంది, ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరం పెంచుకోవడానికి వీలుండదు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికీ, చేతుల్లో పట్టులేక పేజీ తిప్పలేని పెద్దమ్మకూ ఆ పుస్తకం మూసిన తలుపే.

చట్టం మాత్రం తలుపు తీసే ఉంచింది. పుస్తకాన్ని వికలాంగులు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 2012 సవరణ చెప్పింది. ఇలాంటి ప్రతులు దేశాల సరిహద్దులు దాటేందుకు 2013లో మరకేష్‌లో కుదిరిన ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. అది 2014లో. రెండేళ్లకు, 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. అచ్చు చదవలేనివారు సభ్యులై పుస్తకాలు దించుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం అందుబాటును దయగా కాక హక్కుగా చూసింది. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవారు దేశంలో 50 లక్షల పైమాటే. ఇంతమందికి చదువుకునే హక్కు ఉంది. ఆ హక్కును వాడుకోవడానికి కావలసింది లోపల కూడా తెలుగే ఉన్న తెలుగు ఫైలు. మాస్టారికి అదే దొరకలేదు.

సంగతి విన్న మనవరాలు విశాఖ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "తాతా, బీరువాలో పుస్తకమే ఉంది కదా. నాన్న చేత పేజీలు ఫోటో తీయించి పంపించు." ఫోటోలోని అక్షరాలను గుర్తుపట్టి రాతగా మార్చే ఓసీఆర్ అనే ఏర్పాటు ఉంది. ఇంగ్లిష్‌కు అది ఎప్పుడో కుదురుకుంది. తెలుగుకు అంత సులువు కాదు. ఇంగ్లిష్ అక్షరాలు గీత మీద వరసగా నిలబడతాయి. తెలుగులో గుణింతం నెత్తినెక్కుతుంది, వత్తు కిందికి దిగుతుంది. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీతో చుక్కో. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి ప్రభృతులు తెలుగు ఓసీఆర్ మీద 2001లోనే పరిశోధనపత్రం వెలువరించారు. ఇప్పుడు ఫోన్లలో ఉచితంగా దొరికే ఓసీఆర్ తెలుగును చాలావరకు బాగానే పట్టుకుంటుంది. కాగితం తెల్లగా ఉంటే. డెలానీపూర్ చెమ్మలో నలభై ఏళ్లు నానిన కాగితం తెల్లగా ఉండదు.

మొదటి కథ వచ్చింది. ఫోన్ చదివింది. ఈసారి తెలుగే. కాకపోతే ఆ తెలుగులో 'ధనం' కాస్తా 'థనం' అయింది. ఒక వితంతువు 'పాలు' తీసుకుని వెళ్లాల్సిన చోట 'పొలు' తీసుకుని వెళ్లింది. బూజు మరకను యంత్రం సున్నా అనుకుని ఒక పెద్దమనిషి పేరు మధ్యలో పెట్టేసింది. మాస్టారు నవ్వుకున్నారు. ఆ కథ ఆయనకు దాదాపు కంఠతా వచ్చు. వింటూ, తప్పు తగిలినచోట ఆపి, వాట్సాప్‌లో మనవరాలికి మాటతో కబురు పెట్టడం మొదలెట్టారు. "మూడో పేరా, రెండో వాక్యం. థ కాదు తల్లీ, ధ. పొట్టలో చుక్క ఉండదు, కింద వత్తు ఉంటుంది." ఆమె దిద్ది తిరిగి పంపుతుంది. ఆయన మళ్లీ వింటారు. వారానికి ఒక కథ చొప్పున సాగుతోంది. ఏదైనా మాటకు అర్థం తెలియకపోతే ఆ పిల్ల ఇప్పటికీ ఆగి అడుగుతుంది.

యంత్రం చేత కాని పనులు ఇంకా ఉన్నాయి. రెండో ట్రంకు పెట్టె అడుగున 1981 నాటి ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట ఒకటుంది. పురిటికి టెక్కలి వెళ్లిన భార్య రాసినవి. ఓడ వచ్చిన రోజున నాలుగైదు ఒకేసారి అందేవి. ఆమె చేతిరాత గొలుసుకట్టు. ఓసీఆర్ ఒక్క పంక్తి కూడా పోల్చుకోలేకపోయింది. కొడుకు చేత చదివించుకోవచ్చు. మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు అడగవచ్చు. ఆయన అడగలేదు, అడగరు. చేతిరాతను కూడా చదివే యంత్రం వచ్చేదాకా ఆగుతానంటారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో బాధ ఏమీ వినిపించదు.

మొన్న మళ్లీ రక్తపరీక్షలు చేయించారు. రిపోర్టు కాగితం రూపంలో కాక ఫోన్‌కే వచ్చింది. కోడలు చదువుతానని చేయి చాపింది. మాస్టారు వద్దని, వరండాలోకి వెళ్లి, చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. ఫోన్ ఏ లైన్ దగ్గరా ఆగలేదు, ఏదీ దాటేయలేదు. క్రియాటినిన్ అంకె దగ్గర ఆయనే ఆపి రెండుసార్లు విన్నారు. పోయినసారి కంటే కొంచెం పెరిగింది. కాసేపు అలాగే కూర్చుని, లోపలికి వచ్చి, ఆ విషయం ఇంట్లోవాళ్లకు తనే చెప్పారు.